గుమాస్తా ఒక్కడే చస్తున్నాడు

రాత్రి రెండు దాటితే చాలు, మా గ్రాఫులు పళ్లూడిన దువ్వెనల్లా తయారయ్యేవి. రెండు నిమిషాలు గీత ఉంటుంది, నాలుగు నిమిషాలు ఉండదు, మళ్లీ ఉంటుంది. నెట్‌వర్క్‌లో ఏ లోపమూ లేదు. స్విచ్‌లు పచ్చగా వెలుగుతున్నాయి, లింకులన్నీ నడుస్తున్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండాల్సిన సర్వరే కునుకు తీస్తోంది. దాన్ని కొని నాలుగు నెలలు కాలేదు. 32 కోర్లు, 64 జీబీ ర్యామ్. ర్యాక్‌లోకి ఎక్కించిన రోజు స్వీట్లు కూడా పంచుకున్నాం.

మా దగ్గర స్టోరేజీ చూసే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఒక రాత్రి నా వెనక కుర్చీ లాక్కుని కూర్చుని, ఐఓస్టాట్ కొట్టమన్నారు. ఏ డిస్కు ఎంత పనిలో ఉందో చూపించే చిన్న కమాండ్ అది. ప్రాసెసర్ వరుసలో వాడకం ఐదారు శాతం. డిస్కు వరుసలో నూటికి నూరు. ఒక్కో రాతకు పడుతున్న సమయం 400 మిల్లీసెకన్లు.

"కోర్లన్నీ వరండాలో కూర్చుని బీడీలు కాలుస్తున్నాయి బాబూ. లోపల గుమాస్తా ఒక్కడే చస్తున్నాడు" అన్నారు.

ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు తిరగేసినా, పెద్ద నెట్‌వర్క్‌ను కాపలా కాసే సర్వర్‌ గురించి ఇంతకంటే సూటైన మాట నాకు దొరకలేదు. ఎందుకంటే అది ఆలోచించే యంత్రం కాదు, రాసే యంత్రం. పగలూ రాత్రీ, చిన్న చిన్న అంకెల్ని, ఆపకుండా రాస్తూ ఉండటమే దాని ఉద్యోగం. కొనేవాళ్లు మాత్రం దాని మెదడు చూసి కొంటారు, చెయ్యి చూసి కాదు.

ఇంతకీ ఏం రాస్తుంది? కరెంటు మీటరు రీడింగు తీసే మనిషిని గుర్తు తెచ్చుకోండి. ఇల్లిల్లూ తిరుగుతాడు, మీటరు మీద అంకె చూస్తాడు, కిందటిసారి అంకె తీసేస్తాడు, మిగిలింది వాడకం. మానిటరింగ్ సర్వర్ కూడా అంతే. ప్రతి స్విచ్‌నీ పలకరించి, "నీ 12వ పోర్టులోకి ఇప్పటిదాకా ఎన్ని బైట్లు వచ్చాయి?" అని అడుగుతుంది. స్విచ్ ఒక అంకె చెబుతుంది. ఈ ప్రశ్నోత్తరాల భాష పేరు ఎస్ఎన్ఎంపీ, 1988 నాటిది. ఇప్పుడు కొత్త పద్ధతులు చాలానే వచ్చాయి కానీ, ఏ సర్వర్ గదిలోకి వెళ్లినా స్విచ్‌లూ, యూపీఎస్‌లూ, ప్రింటర్లూ ఇంకా ఈ భాషే మాట్లాడుతుంటాయి.

అయిదు నిమిషాలకొకసారి అడగడమనే అలవాటు వెనక కూడా ఒక కథ ఉంది. 1994లో తోబియాస్ ఓటికర్ పనిచేస్తున్న చోట బయటి ప్రపంచానికి ఉన్నది ఒకే ఒక 64 కిలోబిట్ల లైను. అది ఎంత నిండిందో అందరికీ తెలుసుకోవాలని ఉండేది. ఆయన రాసిన ఎంఆర్‌టీజీ అనే ప్రోగ్రాము అయిదు నిమిషాలకొకసారి రూటర్‌ని అడిగి గ్రాఫు గీసేది. 64 కిలోబిట్ల లైనుకు అది చక్కగా సరిపోయింది. గిగాబిట్ పోర్టుకు సరిపోదు. పాత స్విచ్‌లలో లెక్కించే మీటరు 32 బిట్లది. గిగాబిట్ పోర్టు నిండుగా నడిస్తే ఆ మీటరు 34 సెకన్లలో చివరికంటా వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అయిదు నిమిషాల తర్వాత వెళ్లి చూస్తే ఎన్నిసార్లు తిరిగిందో ఎవరికి తెలుసు? అందుకే 64 బిట్ల మీటరు పెట్టారు. అదైతే 10 గిగాబిట్ల వేగంలో కూడా తిరగడానికి 460 ఏళ్లకు పైనే పడుతుంది.

ఇక సర్వర్ కొనే ముందు వేయాల్సిన లెక్క. ప్రాసెసర్ పేరు, ర్యామ్ జీబీలు కాసేపు పక్కన పెట్టండి. సెకనుకు ఎన్ని అంకెలు వస్తాయి? అదొక్కటే అడగాలి.

లెక్క కోసం 2,000 స్విచ్‌లు అనుకుందాం, ఒక్కోదానికి 48 పోర్టులు. పోర్టుకు ఎనిమిది అంకెలు: వచ్చిన బైట్లు, పోయిన బైట్లు, రెండు వైపులా తప్పులు, రెండు వైపులా పారేసిన ప్యాకెట్లు, లింకు ఉందా లేదా, వేగం ఎంత. అంటే 384. స్విచ్ ఉష్ణోగ్రత, ఫ్యాన్లు, మెమరీ వగైరా ఇంకో 16. మొత్తం స్విచ్‌కు 400, నెట్‌వర్క్‌కు 8,00,000. అన్నింటినీ నిమిషానికొకసారి అడిగితే సెకనుకు 13,333 అంకెలు. రోజుకు 115 కోట్లు. రిగాలో అలెక్సీ వ్లాడిషెవ్ 1998లో మొదలుపెట్టిన జాబిక్స్ అనే వ్యవస్థనే మేమూ వాడాం. ఒక్కో అంకెకు డేటాబేస్‌లో సుమారు 90 బైట్లు పడుతుందని దాని మాన్యువల్ చెబుతుంది. ఆ లెక్కన రోజుకు 104 జీబీ. నెల రోజులు దాచితే మూడు టీబీ దాటుతుంది.

ఈ అంకె చూడగానే పెద్ద సర్వర్ కొటేషన్ అడిగేయాలనిపిస్తుంది. ఆగండి. గోడ పక్కన టేబుల్ కింద ఎవరో ఉద్యోగి కంప్యూటర్‌కు వెళ్లే పోర్టులో నిమిషనిమిషానికీ ఎన్ని బైట్లు పోయాయో ఎవరు చూస్తారు? స్విచ్‌ను స్విచ్‌తో కలిపే నాలుగు పోర్టులనూ, స్విచ్ ఆరోగ్యాన్నీ నిమిషానికొకసారి, మిగతా 44 పోర్టులనూ అయిదు నిమిషాలకొకసారి అడిగితే 13,333 కాస్తా 3,950 దగ్గరకు దిగుతుంది. పైసా ఖర్చు లేకుండా భారం మూడో వంతు కంటే తక్కువైంది. సర్వర్ అమ్మేవాళ్లు ఈ సలహా ఇవ్వరు, అది వాళ్ల తప్పూ కాదు.

మళ్లీ గుమాస్తా దగ్గరకు వద్దాం. మన పాత షావుకార్ల కొట్లలో రెండు పుస్తకాలు ఉండేవి: చిట్టా, ఆవర్జా. చిట్టాలో జరిగింది జరిగినట్టు, వరుసగా, పైనుంచి కిందికి రాసుకుపోతారు. ఆవర్జాలో ఎవరి ఖాతా వారిదే. సుబ్బయ్య పేజీలో సుబ్బయ్యది, రామయ్య పేజీలో రామయ్యది. చిట్టా రాయడం సులువు, పేజీ తిప్పే పనే లేదు. ఆవర్జాకు ఎక్కించడమే చాకిరీ. ఒక్క పద్దు రాయాలంటే ఆ ఖాతా ఎక్కడుందో వెతకాలి, పేజీ తీయాలి, చివరి గీత కింద రాయాలి, మళ్లీ ఇంకో ఖాతా వెతకాలి.

డేటాబేస్ చేసేదీ అచ్చంగా ఇదే. వచ్చిన అంకెల్ని ముందు లాగ్ అనే చిట్టాలో వరుసగా రాసేస్తుంది. వేల అంకెల్ని ఒక్క విసురుతో రాసెయ్యగలదు, అక్కడ ఇబ్బంది లేదు. తర్వాత తీరిగ్గా టేబుల్ అనే ఆవర్జాకు ఎక్కిస్తుంది. మన ఆవర్జాలో ఖాతాలు 8,00,000. ఏ పోర్టు గ్రాఫు అడిగినా చటుక్కున చూపించాలంటే ఏ పోర్టు అంకెలు ఆ పోర్టు దగ్గరే ఉండాలి. కాబట్టి అన్నింటినీ నిమిషానికొకసారి అడిగే మొదటి లెక్కలో, ప్రతి నిమిషం 8,00,000 ఖాతాల్లో ఒక్కో గీత రాయాలి, ఒక్కోటీ ఒక్కో చోట.

ఇప్పుడు ఆ చెయ్యి వేగం చూడండి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే మామూలు డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం. సూది ఉన్న చెయ్యి ఆ వలయం మీదికి జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. మొత్తం పన్నెండు పదమూడు మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 80 చోట్ల రాస్తే గొప్ప. 15,000 చుట్ల ఖరీదైన డిస్కయినా 180 దగ్గర ఆగిపోతుంది. ప్రాసెసర్లు వందల రెట్లు వేగం పెరిగిన కాలంలో కూడా ఈ అంకె పెద్దగా కదల్లేదు. పళ్లెం తిరగాలి, చెయ్యి జరగాలి. భౌతికశాస్త్రం దగ్గర బేరం కుదరదు.

మా సర్వర్‌లో అలాంటి డిస్కులు ఎనిమిది. ఎనిమిది ఎనభైలు 640 కదా అని మేమూ అనుకున్నాం. కానీ వాటిని రైడ్ 5 పద్ధతిలో కట్టాం. ఒక డిస్కు పోయినా డేటా పోకుండా, చోటు ఎక్కువ వృథా కాకుండా ఉండే పద్ధతి అది. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలోనే దాని గుణం, దోషం రెండూ ఉన్నాయి. దోషం ఏమిటంటే, ఒక చిన్న రాతకు నాలుగు పనులు చేయాలి: పాత అంకె చదవాలి, పాత సరిచూపు (డిస్కు పోతే డేటాను తిరిగి రాబట్టే లెక్క) చదవాలి, కొత్త అంకె రాయాలి, కొత్త సరిచూపు రాయాలి. 640ని నాలుగుతో భాగిస్తే 160. చోటు ఆదా చేద్దామని, చెయ్యిని కట్టేశాం. అవే డిస్కుల్ని రైడ్ 10లో, జంటలుగా కట్టి ఉంటే, రాతకు రెండు పనులే కాబట్టి, 320 వచ్చేవి. టీబీలు తగ్గేవి, అంతే. ఫొటోలు దాచే సర్వర్‌కైతే రైడ్ 5 బంగారం.

మరి రాత్రి రెండింటికే ఎందుకు? పగలంతా అంతంతమాత్రంగా ఈదుకొస్తున్న డిస్కు మీద ఆ వేళకు రెండు బరువులు పడేవి. ఒకటి బ్యాకప్. రెండోది, గడువు తీరిన పాత అంకెల్ని చెరిపేసే పని. చెరపడం కూడా రాయడమే; ఒక్కో ఖాతా తీసి ఒక్కో గీత కొట్టెయ్యాలి. తర్వాత మేము డేటాబేస్‌ను రోజుకొక పుస్తకంగా విడగొట్టాం. గడువు తీరితే గీతలు కొట్టెయ్యడం ఉండదు, ఆ రోజు పుస్తకాన్నే చించి అవతల పారేస్తాం. సెకన్లలో అయిపోతుంది. ఈ ఒక్క మార్పుతోనే సగం పళ్లు తిరిగి మొలిచాయి.

ఇంకో సగం ర్యామ్‌లో ఉంది. ఆవర్జా గుమాస్తా ముందు బల్ల ఉంటుంది కదా. ఎన్ని పేజీలు ఆ బల్ల మీద తెరిచి పెట్టుకోగలడో అన్ని ఖాతాలకు లేవకుండా రాయగలడు. పట్టని వాటికోసం ప్రతిసారీ బీరువా దగ్గరకు నడవాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఒక పేజీ 16 కేబీ. మన లెక్కలోని 8,00,000 ఖాతాల చివరి పేజీలు తెరిచి ఉంచాలంటే 13 జీబీ బల్ల కావాలి. ఇది కేవలం రాయడానికి. గ్రాఫులు చూసేవాళ్లకు వేరే. బల్ల 16 జీబీ ఉంటే సాఫీగా నడిచేది, 8 జీబీ ఉంటే కాస్త నెమ్మదించడం కాదు, కూలబడుతుంది. మేము 64 జీబీ కొన్నాం. సెట్టింగ్‌లో డేటాబేస్‌కు రాసిచ్చింది ఎనిమిది. ఎందుకో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

ర్యామ్ కొనేటప్పుడు ఈసీసీ రకమే కొనాలి. బిట్ ఒకటి దానంతట అదే తిరగబడితే పట్టుకుని సరిదిద్దే రకం అది. ఏళ్ల తరబడి ఆపకుండా నడిచే యంత్రంలో అది విలాసం కాదు.

ఇప్పుడు కొనేవాళ్లకు తిరిగే డిస్కుల బాధ లేదు, ఎస్ఎస్‌డీలు వచ్చేశాయి. చెయ్యీ లేదు, పళ్లెమూ లేదు; సెకనుకు వేల, లక్షల చోట్ల రాయగలవు. అలాగని అంగట్లో ల్యాప్‌టాప్‌కు కొనే ఎస్ఎస్‌డీని తెచ్చి ఇందులో గుచ్చితే రెండు చోట్ల దెబ్బ తింటారు. మొదటిది ఆయుష్షు. ఫ్లాష్ మెమరీ అరిగిపోయే వస్తువు, ఇన్ని టీబీలు రాసేదాకే దాని పూచీ. 1 టీబీ ల్యాప్‌టాప్ డిస్కులకు ఆ పూచీ సాధారణంగా 600 టీబీ దగ్గర ఉంటుంది. మన రోజువారీ 104 జీబీ, చిట్టాలో ఒకసారి, ఆవర్జాలో ఒకసారి, 90 బైట్ల కోసం 16 కేబీల పేజీ మొత్తం తిరగరాయడంతో ఇంకొన్నిసార్లు, అలా ఆరు రెట్లయిందనుకోండి, మూడేళ్లు తిరక్కుండానే పూచీ చెల్లిపోతుంది. సర్వర్ రకం ఎస్ఎస్‌డీకి లెక్క వేరు: 1.92 టీబీ డిస్కు రోజుకొకసారి నిండా రాసినా అయిదేళ్లు నిలుస్తుందంటే, 3,500 టీబీల హామీ అన్నమాట.

రెండో దెబ్బ కరెంటు పోయినప్పుడు. డేటాబేస్ ప్రతి చిట్టా రాతకూ "పక్కాగా రాశావా?" అని అడుగుతుంది. సర్వర్ ఎస్ఎస్‌డీలో చిన్న చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటు పోయినా చేతిలో ఉన్నది రాసేంత ఊపిరి వాటిలో ఉంటుంది. అందుకే అది ధైర్యంగా, వెంటనే "రాశాను" అంటుంది. ఆ ఊపిరి లేని డిస్కు నిజాయితీ ఉన్నదైతే నిజంగా రాసేదాకా ఆగి చెబుతుంది, డబ్బా మీద వేసిన వేగం ఎక్కడా కనబడదు. నిజాయితీ లేనిదైతే రాయకుండానే రాశానంటుంది. పాత రైడ్ కార్డుల్లో ఈ పని బ్యాటరీ చేసేది. ఆ బ్యాటరీ చచ్చిపోయిన రోజున కార్డు జాగ్రత్త పడి నెమ్మదిస్తుంది. సర్వర్‌కు ఏమైందో తెలియక అందరూ తల బాదుకుంటారు. బ్యాటరీని కూడా మానిటరింగ్‌లో పెట్టమని నా సలహా.

కోర్ల సంగతి. కోర్లు అక్కర్లేదని నేననను. 1999లో మొదలైన నాగియోస్ లాంటి వ్యవస్థలు ఒక్కో పరీక్షకు ఒక్కో కొత్త ప్రోగ్రామును లేపేవి. అక్కడ కోర్లు నిజంగానే కరిగిపోయేవి. కానీ ఎస్ఎన్ఎంపీ ప్రశ్నలు అడిగేవాడి జీవితంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఆ ఎదురుచూపు ఏ రోజు ఎంతవుతుందో లెక్క కట్టాలి. 1961లో జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం ఒకటుంది: క్యూలో ఉండే జనం, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరూ లోపల ఉండే సేపుతో గుణిస్తే వస్తుంది. తిరుమలలో కంపార్ట్‌మెంట్లు నిండేది జనం ఎక్కువొచ్చినప్పుడే కాదు, వచ్చేవాళ్లు అంతే ఉన్నా దర్శనం నెమ్మదించినప్పుడు కూడా.

మన 2,000 స్విచ్‌లకు నిమిషానికి పదేసి ప్రశ్నలనుకోండి, గుత్తగా అడిగితే అలా సరిపోతాయి. సెకనుకు 333. జవాబు 30 మిల్లీసెకన్లలో వస్తే, ఏ క్షణంలో చూసినా ఎదురుచూసేవి పది ప్రశ్నలే. ఒక రోజు పెద్ద స్విచ్ పడిపోయి దాని వెనకున్న 500 స్విచ్‌లు మూగబోయాయి. మూగవాటి కోసం మూడు సెకన్లు ఆగి చూస్తాం. ఎదురుచూసేవి ఒక్కసారిగా 257 అవుతాయి. పది మంది బంట్రోతులతో హాయిగా నడిచిన ఆఫీసుకు హఠాత్తుగా 257 మంది కావాలి, అదీ సరిగ్గా అందరూ "ఏమైంది? ఏమైంది?" అని తెర ముందు మూగే నిమిషంలో. మామూలు రోజు చూసి కొన్న సర్వర్ ఆ రోజు బాగున్న 1,500 స్విచ్‌లను కూడా ఆలస్యంగా అడిగి, అవి కూడా చచ్చాయని బొంకుతుంది. దీనికి మందు కోర్లు కాదు. ఎదురుచూసేవాడికి మెదడుతో పనేముంది? ఎక్కువమంది అడిగేవాళ్లూ, వాళ్లకు సరిపడా ర్యామ్. లేదా 2024లో వచ్చిన జాబిక్స్ 7.0లో లాగా, ఒక్కడే జవాబు కోసం ఆగకుండా వందల ప్రశ్నలు వేసి ఉంచే పద్ధతి.

నెట్‌వర్క్ కార్డు గురించి రెండు మాటలు చాలు. సెకనుకు 13,333 అంకెలంటే, ప్రశ్నా జవాబూ కలిపి అంకెకు 200 బైట్లు వేసుకున్నా 21 మెగాబిట్లు. టెండర్‌లో 10 గిగాబిట్ కార్డు రాసి ఎవరినీ మెప్పించక్కర్లేదు. రెండు మామూలు పోర్టులు, రెండు వేర్వేరు స్విచ్‌లకు.

కార్డు కంటే ఆ తీగ ఎటు వెళ్తోందన్నదే పెద్ద విషయం. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ప్రపంచమంతా ఆరు గంటలపాటు మాయమైంది. నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ల డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌నే తెంచేసింది. ఆ వెంటనే వాళ్ల పేర్ల సర్వర్లు ఇంటర్నెట్‌కు కనబడకుండా పోయాయి. లోపమేమిటో చూసుకోవడానికి వాడే లోపలి పనిముట్లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉండటంతో అవీ పడుకున్నాయి. ఇంజనీర్లను మనుషులుగా డేటా సెంటర్లకు పంపాల్సొచ్చింది. మా స్థాయిలో మేమూ ఆ పనే చేశాం. మానిటరింగ్ సర్వర్ ఏ పెద్ద స్విచ్‌ను కనిపెట్టుకుని ఉండాలో, దానికే తగిలించాం. అది పడిన రోజు సర్వర్ బుద్ధిగా ఈమెయిల్ తయారు చేసింది. వెళ్లే దారి లేక అది లోపలే కూర్చుంది.

అందుకే రెండోసారి కొన్న జాబితాలో కోర్లు 16కు తగ్గాయి, ర్యామ్ 128కి పెరిగింది. తిరిగే డిస్కులు పోయి, కెపాసిటర్లున్న ఎస్ఎస్‌డీలు నాలుగు వచ్చాయి, రైడ్ 10లో. రెండు పవర్ సప్లైలు, ఒకటి యూపీఎస్‌కు, ఇంకోటి వేరే ఫేజ్‌కు. దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే మేనేజ్‌మెంట్ పోర్టుకు వేరే చిన్న స్విచ్. దాని పక్కన సిమ్ కార్డు వేసిన మోడెమ్ ఒకటి, ఎస్ఎంఎస్ పంపడానికి. మొత్తం బిల్లులో అన్నిటికంటే చవక సరుకు అదే. ఏసీ చెడిపోతే చెప్పడానికి ఒక ఉష్ణోగ్రత సెన్సార్. సర్వర్లు పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలంటారు. మే నెలలో మా గదిలో ఏసీ ఆగిన పావుగంటకు ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

డబ్బులిచ్చే ముందు పెద్దాయన ఒక పరీక్ష పెట్టారు. సర్వర్ మీద పూర్తి భారం వేసి, గ్రాఫులన్నీ కదులుతుండగా, వెండర్ తరఫు కుర్రాడు వద్దంటున్నా వినకుండా, రెండు పవర్ తీగలూ ఒకేసారి పీకేశారు. గది ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. మళ్లీ గుచ్చి, వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. ఆరు నిమిషాలకు డేటాబేస్ తన చిట్టా చదువుకుని, ఆవర్జాకు ఎక్కించాల్సినవి ఎక్కించుకుని లేచింది. తీగ పీకిన సెకను దాకా ఉన్న అంకెలు ఉన్నట్టే ఉన్నాయి. "ఇప్పుడు చెక్కు ఇవ్వండి" అన్నారు.

ఆ ఆరు నిమిషాల ఖాళీ చాలా రోజులు గ్రాఫులో ఉంది. నెల తిరిగాక విడి అంకెల్ని పారేసి గంటకొక సగటు, గరిష్ఠం, కనిష్ఠం మాత్రం దాచుకునే పద్ధతి మాది. 8,00,000 ఖాతాలున్నా ఏడాదికి 630 జీబీతో సరిపోయేది అలాగే. కాబట్టి ఇప్పుడు వెతికినా అది దొరకదు. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటల గీత, పక్క గంటల్లాగే, నున్నగా ఉంటుంది.